హృదయ ద్వారము దగ్గర కావలి: తలంపులను గూర్చి ఎడారి తండ్రుల బోధ, దాని చరిత్ర

ఉపోద్ఘాతము

సుమారు ఇరవై ఏళ్ల క్రితము మేము ఒక గ్రామీణ పాస్టరేటులో సేవ చేస్తున్న రోజులలో, ఆదివార బడిలో ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన ఒక సహోదరి ప్రభు బల్లకు రావడము మానివేశారు. కారణము అడిగితే మొదట చెప్పలేదు. చాలా రోజుల తరువాత మా ఇంటికి వచ్చి, తోడు వచ్చిన భర్తను వరండాలోనే కూర్చోబెట్టి, "అయ్యగారూ, రొట్టె చేతిలోకి తీసుకోగానే ప్రభువును గూర్చి అనకూడని మాట ఒకటి లోపల పుడుతోంది. నేను కావాలని అనడము లేదు. ఆపుదామంటే ఇంకా గట్టిగా వస్తోంది. ఇలాంటిదాన్ని బల్ల దగ్గర ఏ ముఖము పెట్టుకొని నిలబడను?" అని ఏడ్చారు. పరిశుద్ధాత్మ దూషణకు క్షమాపణ లేదనే వాక్యభాగము మీద (మత్తయి 12:31) అంతకు ముందు నెలలోనే మేము గట్టిగా ప్రసంగించి ఉన్నాము. మూడు రోజులు ఉపవాసముండమని, తలంపు వచ్చినప్పుడెల్లా దానిని గద్దించమని చెప్పి పంపాము. ఆమె చెప్పినట్టే చేశారు. తలంపు తగ్గలేదు సరికదా, పెరిగింది. రెండు సంవత్సరములు ఆమె బల్లకు రాలేదు.

ఆమెకు చెప్పవలసిన జవాబు సంఘము చేతిలో పదహారు వందల ఏళ్లుగా ఉన్నది. అది మాకు తెలియదు. బి.డి. చదువుకున్న రోజులలో ఐగుప్తు సన్యాసులను గూర్చి రెండు పేజీలు చదివాము, పరీక్ష వ్రాశాము, మరచిపోయాము. వారు లోకమును విడిచి పారిపోయినవారనే ఒక్క మాట మాత్రమే గుర్తున్నది. వారు ఎడారిలో ఏమి నేర్చుకున్నారో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వారు నేర్చుకున్న వాటిలో ముఖ్యమైనది ఇది: మనిషిలోనికి వచ్చే తలంపు వేరు, ఆ మనిషి వేరు. తలంపును ఎదుట నిలబెట్టి చూడవచ్చు, దాని పేరు అడగవచ్చు, దానికి సమ్మతి ఇవ్వకుండా సాగనంపవచ్చు. ఈ బోధ ఎలా పుట్టినది, ఎలా మరుగున పడినది, ఎవరి ద్వారా మనవరకు వచ్చినది అనే చరిత్రను ఈ వ్యాసములో పరిశీలింపగోరుచున్నాము.

1. లేఖన నేపథ్యము

ఎడారి తండ్రులు ఈ బోధను గాలిలోనుండి పట్టుకొనలేదు. 42వ కీర్తనకారుడు కృంగిపోయిన తన ప్రాణమును పేరుపెట్టి పిలిచినట్టు పిలిచి, ఎందుకు కృంగియున్నావని ప్రశ్నించుచున్నాడు. కృంగినవాడు ఆయనే, ప్రశ్నించువాడూ ఆయనే. తన దుఃఖములో పూర్తిగా మునిగిపోయినవాడు ఆ ప్రశ్న వేయలేడు. అరణ్యములో మన ప్రభువు ఎదుటికి మూడు సూచనలు వచ్చాయి (మత్తయి 4:1-11). ఆయన వాటిని విన్నాడు, వాక్యముతో జవాబిచ్చాడు. ఆయన సమస్త విషయములలో శోధింపబడియు పాపము లేనివాడని హెబ్రీ పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది (4:15). శోధన వచ్చుటయే పాపమైతే ఆ మాటకు అర్థముండదు. యాకోబు కూడా దురాశ గర్భము ధరించుట, పాపమును కనుట, పాపము మరణమును కనుట అని మెట్లు చూపించాడు (1:14-15).

ఇక్కడ మత్తయి 5:28 అడ్డము వచ్చునని కొందరు విద్యార్థులు మమ్మును అడిగారు. మోహపు చూపును హృదయములో జరిగిన వ్యభిచారమని ప్రభువు చెప్పలేదా? చెప్పాడు. అయితే అక్కడ గ్రీకు వాక్యనిర్మాణము మోహించవలెనను ఉద్దేశముతో చూచుటను సూచించుచున్నది. కన్ను పడుట, మనస్సులో ఒకటి మెదలుట గూర్చి కాదు, దానిని కోరి నిలుపుకొనుటను గూర్చి ప్రభువు మాట్లాడుచున్నాడు. ఈ తేడాను చెప్పకుండా ఆ వచనమును ప్రసంగించినప్పుడు గట్టి హృదయము గలవాడు నవ్వి వెళ్లిపోతాడు, మెత్తని మనస్సాక్షి గలవాడు నలిగిపోతాడు.

2. ఐగుప్తు ఎడారి

మూడవ శతాబ్దపు చివర, నాలుగవ శతాబ్దములో వేలమంది ఐగుప్తు క్రైస్తవులు ఎడారికి వెళ్లారు. పొలము, అంగడి, కుటుంబము విడిచిపెడితే మనస్సు నెమ్మదిస్తుందని కొందరు అనుకొని ఉండవచ్చు. జరిగినది వేరు. బయటి సందడి ఆగిన తరువాత లోపలి సందడి వినబడసాగింది. బుట్టలు అల్లుకుంటూ ఒక గదిలో ఒంటరిగా కూర్చున్నవానికి తన తలంపులను తప్పించుకొనే చోటు లేదు. అందుచేత వారు వాటిని చూడడము నేర్చుకోవలసి వచ్చింది.

356లో మరణించిన అంతోని జీవితమును అతనాసియస్ వ్రాశాడు. భయపెట్టే దర్శనము ఏదైనా ఎదురైతే బెదరిపోక, నీవెవరవు, ఎక్కడనుండి వచ్చావని అడగమని అంతోని తన శిష్యులకు నేర్పినట్లు అందులో ఉన్నది. తమ ఆత్మ కదలికలను, ఒకరికొకరు చెప్పుకోబోతున్నట్లుగా, ఎవరికివారు వ్రాసుకొమ్మని కూడా ఆయన చెప్పాడు. వ్రాయాలంటే చూడాలి, చూడాలంటే కొంచెము దూరము జరగాలి.

తండ్రుల సూక్తులలో పోయిమెన్ అనే పెద్దను గూర్చి ఒక సంగతి ఉన్నది. ఒక సహోదరుడు ఆయన దగ్గరకు వచ్చి, తలంపులు చాలా వస్తున్నాయని, వాటివలన ప్రమాదములో ఉన్నానని చెప్పుకున్నాడు. పెద్ద అతనిని ఆరుబయటికి తీసుకొనిపోయి, ఛాతీ విప్పి గాలి లోపలికి రాకుండా ఆపమన్నాడు. అది నాచేత కాదని సహోదరుడు అన్నాడు. అది చేతకానట్లే తలంపులు రాకుండా ఆపడమూ నీచేత కాదని, వాటిని ఎదిరించి నిలబడడమే నీ పని అని పెద్ద బోధించాడు. మాకు ఉపవాసమును మించిన ఉపాయము తోచని చోట ఐగుప్తు పెద్ద ఆ సహోదరుని తలుపు దాటించి గాలిలో నిలబెట్టాడు.

3. ఎవాగ్రియస్

ఈ ఎడారి అనుభవమును క్రమబద్ధమైన బోధగా మొదట వ్రాసినవాడు ఎవాగ్రియస్. ఆయన సుమారు 345లో పొంతులో, ఇబోర అనే ఊరిలో పుట్టాడు. పెంతెకొస్తు దినమున యెరూషలేములో ఉన్నవారి ప్రాంతములలో మనము చదివే పొంతు అదే (అపొ. కా. 2:9). బాసిల్ ఆయనను చదువరిగా నియమించాడు, నజియంజస్ గ్రెగొరి డీకనుగా అభిషేకించాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ జరిగిన కాలములో ఆయన ఆ నగరములో పేరు మోసిన వాదకుడు.

ఆయన శిష్యుడు పల్లాడియస్ వ్రాసిన దానినిబట్టి, ఆ నగరములోనే ఎవాగ్రియస్ ఒక ఉన్నతాధికారి భార్యయందు మనస్సు నిలుపుకున్నాడు. ఒక రాత్రి కలలో తాను బంధింపబడి సంకెళ్లతో నిలబడినట్టు చూచి, నగరము విడిచిపోతానని సువార్త గ్రంథము మీద ప్రమాణము చేశాడు. మేల్కొని, కలలో చేసినదైనా ప్రమాణము ప్రమాణమేనని ఓడ ఎక్కి యెరూషలేము చేరాడు. అయితే నగరము విడిచినా ఊగిసలాట విడువలేదు. అక్కడ మళ్లీ వేషధారణలోను గర్వములోను పడి, ఆరు నెలలు జ్వరముతో మంచము పట్టాడు. వైద్యులకు అంతు చిక్కలేదు. ఒలీవల కొండ మీద మఠము నడుపుతున్న మెలానియా అనే భక్తురాలు ఇది మామూలు రోగము కాదని గ్రహించి, మనస్సులో ఉన్నది చెప్పమని అడిగింది. ఆయన సమస్తము ఒప్పుకున్నాడు. కొద్ది దినములలో లేచాడు, సన్యాసి వస్త్రము ధరించి ఐగుప్తుకు వెళ్లాడు.

నిత్రియలో రెండేళ్లు, దానికి దక్షిణముగా ఉన్న కెల్లియాలో పద్నాలుగేళ్లు ఆయన జీవించాడు. కెల్లియా అంటే గదులు అని అర్థము. గ్రంథములకు ప్రతులు వ్రాసి పొట్ట పోసుకున్నాడు. 399లో మరణించాడు. ఇసుకలో కలిసిపోయిన ఆ కెల్లియా స్థలమును 1964లో ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ గీయోమోఁ మళ్లీ గుర్తించాడు. ఎవాగ్రియస్ ముఖ్య గ్రంథము ప్రాక్తికోస్‌ను గ్రీకు మూలముతో 1971లో ప్రచురించినదీ ఆయనే.

తలంపుల బోధ ఒక పండితుని గదిలో పుట్టిన సిద్ధాంతము కాదని చూపుటకే ఈ జీవితమును ఇంతగా చెప్పాము. ఒక తలంపు చేతిలో దాదాపు చెడిపోయి, ఒక స్త్రీ ఎదుట దానిని ఒప్పుకొని బ్రతికినవాడు ఈ బోధ చేశాడు.

4. ఎనిమిది తలంపులు, వాటిని చూచు విధము

ఎవాగ్రియస్ ఎనిమిది ముఖ్యమైన తలంపులను పేర్కొన్నాడు: తిండిపోతుతనము, జారత్వము, ధనాపేక్ష, దుఃఖము, కోపము, అకేడియా అనబడే నిర్వేదము, వృథా అతిశయము, గర్వము. ఆయన వాడిన గ్రీకు మాట లోగిస్మోయ్, అనగా తలంపులు. పాపములు అని ఆయన అనలేదు. ఈ తలంపులు మనలను కలవరపెట్టుట, పెట్టకపోవుట మన వశములో లేదని, అవి మనలో నిలిచిపోవుట, పోకుండుట, ఆశలను రేపుట, రేపకుండుట మన వశములో ఉన్నదని ఆయన ఆ జాబితా చివర స్పష్టము చేశాడు. ఈ వ్యాసమంతా ఆ తేడా మీదనే నిలిచియున్నది.

నిర్వేదమును గూర్చి ఆయన వ్రాసినది ఏ సంఘ కాపరి చదివినా తన గదిలోనికి ఎవరో తొంగి చూచినట్లు ఉలిక్కిపడతాడు. మిట్ట మధ్యాహ్నము సూర్యుడు కదలనట్టు తోస్తుంది, పగలు యాభై గంటలున్నట్టు అనిపిస్తుంది. సన్యాసి కిటికీ వైపు చూస్తాడు, భోజనవేళకు ఇంకా ఎంత పొద్దున్నదో లెక్క వేస్తాడు. ఈ చోటు మీద, ఈ పని మీద విసుగు పుడుతుంది. సహోదరులలో ప్రేమ లేదు, ఆదరించేవాడు లేడు అనిపిస్తుంది. దేవుని ఎక్కడైనా ఆరాధించవచ్చు గదా, ఇంకొక చోట పని సులువుగా ఉంటుంది గదా అనే తలంపు వస్తుంది. బదిలీ కోసము దరఖాస్తు వ్రాసిన ప్రతి కాపరికీ ఈ తలంపు తెలుసు. బదిలీ కోరుట తప్పని మేము అనుట లేదు. కోరుచున్నది మనమా, మధ్యాహ్నమా అని ఒకసారి చూడమని ఎవాగ్రియస్ అడుగుచున్నాడు.

చూచుట ఎలాగు? తలంపులను కాపు కాచి గమనించమన్నాడు. అవి ఎప్పుడు తీవ్రమగుచున్నవి, ఎప్పుడు సడలుచున్నవి, ఏ వేళకు వచ్చుచున్నవి, దేని వెనుక ఏది వచ్చుచున్నది అని గుర్తుపెట్టుకొని, వాటి కారణములను క్రీస్తును అడగమన్నాడు. ఇది పొలములో నీటి తడిని చూచుకొనే రైతు శ్రద్ధ వంటిది. రైతు గట్టు మీద నిలబడి చూస్తాడు, కాలువలో కొట్టుకొనిపోడు.

తలంపులను గూర్చిన మరొక గ్రంథములో ఆయన బంగారమును ఉదాహరణగా తీసుకున్నాడు. ధనాపేక్ష తలంపు వచ్చినప్పుడు దానిని భాగములుగా విడదీసి చూడమన్నాడు. తలంపును అందుకొన్న మనస్సు ఉన్నది, బంగారపు రూపము ఉన్నది, బంగారము ఉన్నది, దాని మీది ఆశ ఉన్నది. వీటిలో పాపమేది? మనస్సు దేవుని స్వరూపమునకు సంబంధించినది, అది కాదు. బంగారము దేవుని సృష్టి, అదీ కాదు. మనస్సులోని రూపము మాత్రమే కూడా కాదు. మిగిలినది మన స్వేచ్ఛలోనుండి పుట్టి దేవుని సృష్టిని చెడుగా వాడుకొనే ఆ ఆశయే. ఇలా పరిశీలించుచుండగానే ఆ తలంపు విడిపోయి చెదరిపోవునని ఆయన అనుభవము. సంతలో జేబుదొంగను పేరుపెట్టి పిలిస్తే చేయి వెనక్కు తీసుకుంటాడు గదా.

దయ్యములను గూర్చి ఒక మాట చెప్పాలి. ఎవాగ్రియస్ తలంపు, దయ్యము అనే మాటలను చాలాచోట్ల ఒకదానికి బదులు ఒకటి వాడాడు. మన సంఘములలోను దురాత్మను గూర్చిన మాట తరచుగా వినబడుతుంది. అయితే మనము వెంటనే కేకలు వేసి గద్దించుటకు పూనుకుంటాము. ఆయన మొదట కూర్చొని చూడమన్నాడు. యెహోషువ తన ఎదుట కత్తి దూసి నిలిచినవానిని మావాడివా, శత్రువులవాడివా అని అడిగినట్లు (యెహోషువ 5:13), ద్వారపాలకుడవై ప్రతి తలంపును అడగమని ఒక లేఖలో వ్రాశాడు.

చూచిన తరువాత జవాబు ఉన్నది. అంతిర్రేతికోస్ అనే గ్రంథములో ఎనిమిది భాగములుగా దాదాపు 500 తలంపులను పేర్కొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క లేఖన వాక్యమును జవాబుగా కూర్చాడు. అరణ్యములో ప్రభువు చేసినదే దీనికి మాదిరి. నిర్వేదము పట్టినప్పుడు మన ఆత్మను రెండుగా చేసి, ఒక భాగము ఓదార్చునట్లు, ఒక భాగము ఓదార్పు పొందునట్లు 42వ కీర్తన పాడుకొమ్మని ప్రాక్తికోస్‌లో సలహా ఇచ్చాడు. కీర్తనకారుడు చేసిన పనికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము మేము చదువలేదు.

ఇక మా సహోదరి సంగతి. అదే గ్రంథము 46వ అధ్యాయములో ఎవాగ్రియస్ సరిగా ఈ బాధనే ప్రస్తావించాడు. మనస్సును లాగుకొనిపోయి దేవుని దూషింపజేయునది, తాను వ్రాయుటకైనా సాహసింపని ఊహలు పుట్టించునది ఒకటి ఉన్నదని, అది వచ్చినందున కలత చెందవద్దని చెప్పాడు. ప్రభువు హృదయములను ఎరిగినవాడు. లోకములో ఉన్నప్పుడైనా మనము అంత వెర్రి పనికి దిగలేదని ఆయనకు తెలుసు. దాని ఉద్దేశము ఒక్కటే, మన ప్రార్థన ఆపుట. మేము ఈ అధ్యాయము మొదటిసారి చదివిన రాత్రి పుస్తకము మూసి చాలాసేపు కూర్చున్నాము. ఆ తలంపు కోరినది ఆమెను బల్లకు దూరము చేయుట. ఆ పనిలో మా ప్రసంగము దానికి చేయూత ఇచ్చినది.

5. తలంపు పాపముగా మారిన విధము

ఎవాగ్రియస్ బోధను పడమటికి చేర్చినవాడు జాన్ కాసియన్. ఐగుప్తులో చాలా ఏళ్లు గడిపి, తరువాత దక్షిణ గాల్ దేశములోని మార్సేల్లో స్థిరపడి, 420 ప్రాంతములలో లాటిను భాషలో వ్రాశాడు. ఎవాగ్రియస్ పేరు మాత్రము ఎక్కడా చెప్పలేదు, ఎందుకంటే అప్పటికే ఆ పేరు వివాదములో ఉన్నది. మనస్సు ఒక నీటి తిరుగలి వంటిదని అబ్బా మోషే చెప్పినట్లు కాసియన్ వ్రాశాడు. నీరు పారుచున్నంతసేపు రాయి తిరుగుట ఆగదు, అయితే గోధుమ పోయాలా, యవలు పోయాలా, కలుపు గింజ పోయాలా అనేది తిరుగలివాని చేతిలో ఉన్నది. ఇంచుమించు అదే కాలములో అగస్టీను కొండమీది ప్రసంగమును వ్యాఖ్యానిస్తూ, పాపమునకు సూచన, రుచి, సమ్మతి అని మూడు మెట్లు చెప్పాడు.

ఆరవ శతాబ్దపు చివర రోము బిషప్ అయిన గ్రెగొరి, యోబు గ్రంథ వ్యాఖ్యానములో ఈ జాబితాను తిరిగి అమర్చాడు. గర్వమును అన్నిటికి వేరుగా నిలిపి, నిర్వేదమును దుఃఖములో కలిపి, అసూయను చేర్చి, ఏడు ముఖ్య దోషములు చెప్పాడు. ఆయన ఉద్దేశము మంచిదే. సూచన, రుచి, సమ్మతి అనే మెట్లు ఆయనకూ తెలుసు. అయితే తరువాతి తరములకు మిగిలినది మెట్లు కాదు, జాబితా. 1215లో నాలుగవ లాతరన్ సభ ప్రతి విశ్వాసి ఏటా ఒకసారైనా పాపము ఒప్పుకోవాలని శాసించిన తరువాత, ఏడు పాపముల జాబితా ఒప్పుకోలు వినే గురువుల చేతిలో ప్రశ్నల పట్టికగా మారింది. ఎడారిలో మనిషి తలంపును ప్రశ్నించాడు. ఇప్పుడు జాబితా మనిషిని ప్రశ్నించసాగింది. తలంపు అనే మాట పాపము అనే మాటగా మారినప్పుడు మధ్యలోని ఖాళీ స్థలము, అంటే మనిషి నిలబడి చూడగల స్థలము, కుంచించుకుపోయింది.

తూర్పున మరొక నష్టము జరిగింది. ఒరిగెను అనుచరుడని 553లో, రెండవ కాన్‌స్టాంటినోపుల్ సభ సందర్భములో, ఎవాగ్రియస్ ఖండింపబడ్డాడు. క్రీస్తును గూర్చి, ఆత్మల పూర్వస్థితిని గూర్చి ఆయన ఊహలు కొన్ని నిజముగానే అంగీకరింపదగినవి కావు. కాని వాటితోబాటు ఆయన పేరే తొలగింపబడింది. ఆయన గ్రంథములు కొన్ని సిరియా, అర్మేనియా భాషలలో మాత్రమే మిగిలాయి. ప్రార్థనను గూర్చిన గ్రంథము నీలస్ అనే మరొక భక్తుని పేరుతో చదువబడింది. పేరు పోయినా బోధ బ్రతికింది.

ఏడవ శతాబ్దములో సీనాయి కొండ మఠాధిపతి యోహాను క్లీమకస్ తన నిచ్చెన గ్రంథములో తలంపు మనిషిని సమీపించుట, దానితో సంభాషణ, సమ్మతి, చెర అని మెట్లు వివరించాడు. సమీపించుటలో దోషము లేదన్నాడు. దూషణ తలంపులను గూర్చి ఆయన చెప్పినది మాకు మరీ దగ్గరైనది. అవి పరిశుద్ధ సంస్కారము జరిగే ఘడియలోనే వచ్చుటకు ఇష్టపడునని ఆయన గమనించాడు. ఒక సన్యాసి ఇరవై ఏళ్లు ఈ బాధ పడి, ఉపవాసములతోను జాగరణలతోను శరీరమును నలుగగొట్టుకున్నాడు. ప్రయోజనము కలుగలేదు. చివరకు తన తలంపులను ఒక కాగితము మీద వ్రాసి, ముఖము నేలకు ఆనించి ఒక పెద్దకు ఇచ్చాడు. ఆయన చదివి చిరునవ్వు నవ్వి, అతని చేతిని తన మెడ మీద పెట్టించుకొని, ఈ పాపము నా మెడ మీద ఉండనిమ్ము, నీవిక దీనిని లెక్కచేయవద్దు అన్నట్లు చెప్పాడు. సన్యాసి ఆ గది దాటకముందే ఆ బాధ పోయినదట.

ఆ పెద్ద నవ్వును మేము ఎన్నిసార్లు తలచుకున్నామో చెప్పలేము. మేము ఆ సహోదరి మాట విన్నప్పుడు మా ముఖము ఎలా ఉండి ఉంటుందో కూడా తలచుకున్నాము.

6. లూథరు, బన్యన్

సంస్కరణ ఉద్యమము సన్యాసమును తిరస్కరించినా ఈ బోధను విడువలేదు. ప్రభువు ప్రార్థనను గూర్చి 1519లో సామాన్య విశ్వాసుల కొరకు వ్రాసిన వివరణలో మార్టిన్ లూథరు ఎడారి తండ్రుల కథనే చెప్పాడు: పక్షులు తల మీద ఎగురకుండ ఆపలేము, తలలో గూడు కట్టకుండ ఆపగలము అనే భావము గల కథ అది. 1529 నాటి పెద్ద ప్రశ్నోత్తర గ్రంథములో శోధనను అనుభవించుట వేరు, దానికి సమ్మతించుట వేరు అని స్పష్టముగా బోధించాడు. ఈ పక్షుల మాట మన ప్రసంగములలో విరివిగా వినబడుతుంది. అది ఐగుప్తు ఎడారినుండి వచ్చినదని చెప్పేవారు తక్కువ.

జాన్ బన్యన్ 1666లో ప్రచురించిన తన ఆత్మకథలో, క్రీస్తును అమ్మివేయి అనే తలంపు తనను రాత్రింబగళ్లు వెంటాడినట్లు వ్రాశాడు. తినబోయినా, కట్టె కోయబోయినా అదే మాట. ఒకనాడు విసిగి, ఆయన ఇష్టమైతే పోనిమ్ము అనే తలంపు తనలో దాటిపోయినట్లు తోచి, తాను ఏశావువలె జ్యేష్ఠత్వము అమ్ముకున్నానని చాలాకాలము నిరాశలో పడిపోయాడు. ఆ బాధ అనుభవించినవాడు గనుకనే, 1678లో వెలువడిన యాత్రికుని ప్రయాణములో ఒక ఘట్టము వ్రాయగలిగాడు. మరణాంధకారపు లోయలో ఒక దురాత్మ క్రైస్తవుని వెనుకగా వచ్చి చెవిలో దూషణ మాటలు గుసగుసలాడుతుంది. క్రైస్తవుడు అవి తన మనస్సులోనుండే పుట్టాయనుకొని కుమిలిపోతాడు. మన ఇండ్లలో తరతరాలుగా చదువబడిన పుస్తకము అది. ఎవాగ్రియస్ పేరు వినని తెలుగు విశ్వాసి ఆ బోధను బన్యన్ చేతిమీదుగా ఎప్పుడో అందుకొని ఉన్నాడు. ఆ పేజీ మీద ఆగి బోధించవలసినవారము మనమే ఆగలేదు.

7. ఒక అభ్యంతరము

ఇది మన చుట్టూ ఉన్న ధ్యానమార్గముల బోధ కాదా అని కాపరులు అడుగుట సహజము. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీది రెండు పక్షులలో ఒకటి పండు తినుచుండగా మరొకటి చూచుచుండును. పాలీ భాషలోని సతిపట్ఠాన సుత్తము మనస్సు స్థితులను ఉన్నవి ఉన్నట్లు గమనించమని నేర్పును. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మనది, నేడు హైదరాబాదులోను నాగార్జునసాగరులోను విపశ్యన కేంద్రములున్నవి. పోలిక ఉన్నదని ఒప్పుకొనుటలో మనకు నష్టము లేదు. మనస్సు మనస్సే, దానిని శ్రద్ధగా చూచినవారందరికి కొన్ని సంగతులు ఒకేలా కనబడతాయి.

తేడా మాత్రము చిన్నది కాదు. ఎడారి తండ్రి ఒంటరి సాక్షిగా కూర్చొనలేదు. తన తలంపుల కారణములను క్రీస్తును అడిగాడు, పెద్దకు చెప్పుకున్నాడు, లేఖనముతో జవాబిచ్చాడు. చూచుట అతనికి గమ్యము కాదు. ఆశల అలజడి అణగిన హృదయస్థితికి బిడ్డ ప్రేమయని ఎవాగ్రియస్ వ్రాశాడు. కోపమును చూచి విడిచినవాడు సహోదరుని క్షమించకపోతే అతని చూపు వ్యర్థము. ఈ అలజడి లేని స్థితిని జెరోము ఎగతాళి చేశాడు, అట్టివాడు రాయి అయినా కావాలి, దేవుడైనా కావాలి అన్న భావముతో. ఆ హెచ్చరిక వినదగినదే. మన పని రాయిగా మారుట కాదు, ప్రేమించుటకు ఖాళీ అగుట.

ముగింపు

ఈ చరిత్రనుండి కాపరులు మూడు సంగతులు గ్రహించవలెనని మేము కోరుచున్నాము. మొదటిది, ప్రసంగములో తలంపునకును సమ్మతికిని గల తేడా చెప్పుట. ఇది పాపమును తేలిక చేయుట కాదు. తలంపు నిలిచిపోవుట మన వశములో ఉన్నదన్న రెండవ భాగము మొదటి భాగమంత గట్టిది. రెండవది, ఒప్పుకొనుటకు వచ్చినవారిముందు మన ముఖము. మెలానియా అడిగింది, సీనాయి పెద్ద నవ్వాడు. మూడవది, వైద్యుని సహాయము. ఇష్టము లేని భయంకర తలంపులు ఆరోగ్యముగా ఉన్న మనుష్యులలో ఎక్కువమందికి వచ్చునని రాక్మన్, డి సిల్వా అనే పరిశోధకులు 1978లో చూపించారు. అవి మనిషిని పట్టి విడువక బాధించినప్పుడు అది చికిత్స గల రోగము. మానసిక వైద్యుని దగ్గరకు పంపుట అవిశ్వాసము కాదు.

ఆ సహోదరి దగ్గరకు మేము మళ్లీ వెళ్లాము. మా మాట తప్పని ముందు ఒప్పుకున్నాము. సన్యాసి కాగితము కథ చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తరువాత "ఇరవై ఏళ్లా అయ్యగారూ?" అని మాత్రము అడిగారు. జిల్లా కేంద్రములో ఒక మానసిక వైద్యుని దగ్గర చికిత్స కూడా తీసుకున్నారు. ఆ తరువాతి నెల మొదటి ఆదివారము బల్లకు వచ్చారు. ఆరాధన ముగిసిన తరువాత గుమ్మము దగ్గర మేము ఏమీ అడగకుండానే, "వచ్చింది అయ్యగారూ. రానిచ్చాను. రొట్టె తిన్నాను" అన్నారు.